ముద్ర పడాల్సిన పేజీ మీద నూనె

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరికైనా కొత్త పాస్‌పోర్టు వస్తే దాన్ని ఆదివారం ఆరాధనకు తెచ్చి, ప్రసంగపీఠం ముందున్న బల్ల మీద పెడతారు. పాస్టరు గారు ప్రార్థన చేసి, చూపుడువేలికి కాస్త నూనె అద్దుకుని, అట్ట మీద తాకించి తిరిగి ఇస్తారు. ఆర్మూరు చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు వెతికితే గానీ దొరకదు. అందుకే మా బల్ల మీద పాస్‌పోర్టు లేని ఆదివారాలు తక్కువ.

ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. చిన్నప్పటి నుంచి వాక్యం చదువుతున్నదాన్ని, ఏళ్ల తరబడి సండే స్కూల్లో పిల్లలకు చెప్పినదాన్ని. నూనె రోగికి రాశారు, యాజకునికి పోశారు, రాజు తల మీద కుమ్మరించారు. సర్కారు ఇచ్చిన పుస్తకానికి పూసినట్టు మాత్రం నేనెక్కడా చదవలేదు. అయినా వేలి చివర నూనె, అట్ట మీద ఒక చుక్క, తర్వాత కొంగుతో తుడుచుకోవడం. ఎవరికీ నష్టం లేదు కదా అని ఊరుకునేదాన్ని.

ఆ తర్వాత నా పాస్‌పోర్టు వచ్చింది.

నేను ఊళ్లోని ఒక ప్రైవేటు దవాఖానాలో ఆయాను. మంచం మీద ఉన్నవాళ్లను కడగడం, బట్టలు మార్చడం, పుండ్లకు గాలి తగిలేలా పక్కకు తిప్పి పడుకోబెట్టడం నా పని. మా ఆయన సౌదీలో సిమెంటు బస్తాలు మోసి నడుము పోగొట్టుకుని తిరిగొచ్చి, ఇప్పుడు ఒక పసుపు గోదాములో కాపలా ఉంటున్నాడు. ఇల్లు నడవాలంటే ఈసారి పోవలసింది నేనే. నిజామాబాద్‌లో ఉన్న ఏజెంటు, ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లను చూసుకునే పని ఉందని, నేను చేస్తున్న పనే అని చెప్పాడు. హైదరాబాద్‌లో శిక్షణ అయింది. పరీక్ష అయింది. ఒక కుటుంబం నన్ను ఫోన్‌లో చూసింది కూడా. పక్షవాతంతో ఒక వైపు పడిపోయిన ముసలావిడ, పక్కన ఆమె కొడుకు. అతను అడిగినవాటికి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. చివర్లో నేను చెయ్యి ఊపితే, ఆవిడ దుప్పటిలోంచి తన మంచి చెయ్యి తీసి ఊపింది. ఆ చెయ్యి చూశాక నేను వెళ్లిపోయినట్టే అనిపించింది.

ఇక మిగిలింది వీసా ముద్ర. పాస్‌పోర్టు తెచ్చిస్తే ఢిల్లీ పంపిస్తానని ఏజెంటు అన్నాడు. "లేట్ జెయ్యకుండ్రి మేడం. గా కొడుకు ఒక్కడే తల్లిని జూస్కుంటుండు, శాన తొందరల ఉన్నడు. మనం ఆలస్యం జేస్తే ఇంకొకామెను తీస్కుంటడు" అని హెచ్చరించాడు. నా ప్రయాణమంతా ఆ ఒక్క పుస్తకానికి వేలాడుతోంది.

నేను పోయే దేశం పేరు తెలియగానే సంఘం నన్ను చూసే తీరు మారిపోయింది. దుబాయ్‌కి, మస్కట్‌కు పోయేవాళ్లను ఎవరూ ఇట్లా చూడరు. "పరిశుద్ధ దేశం పోతున్నది" అని నన్ను చూపించి చెప్పుకున్నారు. ప్రేమవిందు రోజు నేను దవాఖానా డ్యూటీ నుంచి నేరుగా వస్తే పళ్లెం పక్కకు జరుపుకుని "దవాఖాన కంపు" అనే ఒకావిడ, ఆ వారం నన్ను కౌగిలించుకుని భుజం మీద కన్నీళ్లు తుడుచుకుంది. ఒకరికి నది నీళ్లు కావాలి. ఒకరికి సమాధి దగ్గరి మట్టి కావాలి. ఇంకొకాయన, ప్రభువు నడిచిన కొండ మీద నిలబడి వీడియో కాల్ చేస్తే తాను ఇక్కడ మోకరిస్తానన్నాడు.

"అన్నా, నేను కొండలు ఎక్కుతందుకు పోతలేను. ఒక ముసలమ్మ వీపు కడుగుతందుకు పోతున్న" అన్నాను.

"అయినా గా గాలి వేరే ఉంటది గద అక్కా" అన్నాడు.

గాలి. నాకు నవ్వు రాలేదు. అక్కడ యుద్ధం సంగతేమిటని ఒక్కరూ అడగలేదు. నేనే ఎత్తితే, మా సంఘపెద్ద "విశ్వాసి నెత్తి మీద బాంబు పడదమ్మా" అని తేల్చేశాడు. "బాంబుకు విశ్వాసి ఎవరో ఎట్ల ఎరుకైతదయ్యా?" అన్నాను. ఆయన ముఖం గంటు పెట్టుకున్నాడు.

ఈ సంఘపెద్ద రిటైరైన టీచరు. సంఘాన్ని నడిపేది ఆయనే. పాస్టరు గారు నెమ్మదైన మనిషి, ఆయనకు ఎదురు చెప్పడు. నన్ను సాగనంపే ప్రార్థన మామూలుగా జరిగితే చాలదని, సంఘపెద్ద బయటి నుంచి ఒక ప్రసంగీకుణ్ణి పిలిపించాడు. ఆ ప్రసంగీకుణ్ణి ప్రవక్త అంటారట. చర్చి గేటుకు ఫ్లెక్సీ కట్టారు. అందులో ప్రవక్త నిలువెత్తున, తెల్ల కోటులో, చెయ్యి పైకెత్తి ఉన్నాడు. ఆయన మోచేతి కింద పోస్టల్ స్టాంపంత నా ముఖం. నన్ను అడగకుండా ఎవరి పెళ్లిలోదో ఫోటో కత్తిరించి పెట్టారు. పక్కనున్న ఎవరిదో భుజం కూడా సగం పడింది.

మీటింగు సాయంత్రం పెట్టారు. రేకుల కప్పు కింద ఎండాకాలపు వేడి, గోడకు గోడకు స్పీకర్లు. ప్రవక్త ఒంటికి కొట్టుకున్న అత్తరు ముందు వరుసలోకి వచ్చి కూర్చుంది. మైకు ఎంత నోటికి దగ్గర పెట్టుకున్నాడంటే మాటకంటే ముందు ఉమ్మి చప్పుడు వినిపించేది. బల్ల మీద యువకుల పాస్‌పోర్టులు వరుసగా ఉన్నాయి, చివర నాది. ఆయన వాటిని మా పాస్టరు లాగే ఒక్కొక్కటి తాకుతూ వచ్చాడు. నా దగ్గరికి రాగానే గొంతు పెంచాడు.

"ఈ సహోదరి ఏ దేశానికి వెళ్తోందో ఆ దేశపు తైలమే ఈ సీసాలో ఉంది! ఒలీవల కొండ నుంచి నా చేతికి వచ్చిన తైలం! ఏదమ్మా, వీసా ముద్ర పడే పేజీ ఏది?"

మైకు నా నోటికి పెట్టాడు. నాకేం తెలుసు? ఖాళీ పేజీ ఏదైనా అంతేనన్నాను. ఆయన నడుమ ఉన్న పేజీ తెరిచి సీసా మూత తీశాడు.

నేను చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నాను. ముక్కుకు తగిలిన వాసన కొబ్బరినూనెది. పొద్దున జడ వేసుకునేప్పుడు నా అరచేతిలో ఉన్న వాసన. అది ఇంకేదో అనుకోవడానికి వీల్లేదు.

ఆయన అద్దలేదు, పోశాడు. బొటనవేలితో రుద్ది గుర్తు గీశాడు. పుస్తకం మూసి, "దీవెన ప్రతి పేజీలోకీ దిగును గాక!" అంటూ రెండు అరచేతుల మధ్య పెట్టి పిండాడు. దిగింది. మిగిలింది నా నెత్తిన పోశాడు. నుదుటి మీంచి కంట్లోకి కారింది. నేను కళ్లు మూసుకుంటే, ఆత్మ దిగిందని జనం చప్పట్లు కొట్టారు. పళ్లెం జరిపిన ఆవిడ ఏడ్చింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వాకిట్లో ఉన్నాడు.

"ఏమాయెనే, గా మొకమేంది? మిర్చి బజ్జీల బండి మీద పడ్డవా?"

పాస్‌పోర్టు చేతికిచ్చాను. తెరిచి చూసి నవ్వు ఆపాడు. బజ్జీలు కట్టిన కాగితంలా ఈ పేజీలోంచి ఆ పేజీ కనబడుతోంది. నా ఫోటో ఉన్న పేజీ అంచు నుంచి కూడా లోపలికి మరక పాకుతోంది.

"గీ పని జేసినోని చేతులు ఇరగ" అన్నాడు.

"తిట్టకు."

"ప్రార్థన జెయ్యిమంటే పోపు వెట్టిండు గదనే, తిట్టకనా?"

పౌడరు చల్లి, పాత బట్టతో అద్ది, పుస్తకం మీద పుస్తకాలు పెట్టి చూశాం. నూనె తగ్గలేదు. పౌడరు వాసన ఒకటి తోడైంది. మర్నాడు నేను డ్యూటీలో ఉండగా ఆయన తనకు తోచిన ఉపాయం చేశాడు. ఎండకు పెడితే పీల్చుకుంటుందని, పాస్‌పోర్టును మిద్దె మీద తెరిచి, పేజీలు ఎగరకుండా మూలలకు కంకరరాళ్లు పెట్టాడు.

మా మిద్దె పక్కనే ఒక రైతు కుటుంబం కళ్లం. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను ఇనుప డ్రమ్ములో పోసి, ట్రాక్టరుతో తిప్పుతారు. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైతోలు ఊడిపోయి మెరుపు వస్తాయి. ఊడిన తోలంతా దుమ్మై లేస్తుంది. ఆ రోజుల్లో మా సందులో ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉండదు. కుండ మీది మూత, పడుకున్న కుక్క వీపు, తలుపు గడియ, అన్నీ పసుపే. పుట్టినప్పటి నుంచి అందులోనే ఉన్నాం కాబట్టి ఆ దుమ్మును మేం దుమ్ముగా లెక్కపెట్టం. మా ఆయనకూ తట్టలేదు. ఆ పొద్దు డ్రమ్ము తిరిగింది. నూనె పేజీలు దుమ్మును పట్టుకుని వదల్లేదు.

నేను మిద్దె ఎక్కేసరికి పక్కింటావిడ, ఆ రైతు భార్య, కళ్లంలోంచి తలెత్తి చూస్తోంది.

"ఏం వదినె, పాస్‌పోర్టుకు పెండ్లి జేస్తున్నవా? నిండ పసుపు రాసినవ్!"

నేను మూలల మీది రాళ్లు తీశాను. నా ముఖం చూసి ఆమె నవ్వు మానేసి మెట్లెక్కి వచ్చింది. పుస్తకం చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, గిదేందమ్మా... జర ఒక్క మాట అంటే డ్రమ్ము ఆపకపోతుంటిమా? మాకెట్ల ఎరుక? అన్న గుడ చెప్పకపాయె."

"మీదేం తప్పు లేదు వదినా."

"మా దుమ్మే గద. ఇగ ఎట్ల మరి? నిన్ను పోనిస్తరా?"

ఆ వారమంతట్లో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

ఏజెంటు పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వాసన చూశాడు. "మేడం, గిది పాస్‌పోర్టా, పులిహోర పొట్లమా? గిది ఎంబసీల ఇస్తే నన్ను గుడ లోపటేస్తరు." కొత్తది తీసుకోవాలన్నాడు. ముసలావిడ కొడుకుకు చెప్పి చూస్తానన్నాడు, ఆగుతాడని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు.

పాస్టరు గారికి చెప్పాను. ఆయన బాధపడ్డాడు, నిజంగానే. బాధపడి సంఘపెద్దకు చెప్పాడు. సాయంత్రానికి పెద్ద మా ఇంటికొచ్చాడు. మా ఆయన కుర్చీ మీద దుమ్ము దులిపేదాకా కూర్చోలేదు.

"కొత్తదానికి ఎప్పుడు పోతున్నవమ్మా?"

"రేపే పోతున్న."

"ఖరాబ్ ఎట్లయిందంటే ఏం చెప్తవ్?"

"అయింది చెప్త."

"గట్ల కాదు. వానకు తడిసింది అను."

"గీ ఎండల్ల వానేడిదయ్యా?"

"నీళ్ల బాటిల్ లీకైందను మరి. దైవజనునికి చెడ్డపేరు వస్తది. అన్యులు నవ్వుతరు."

"నన్ను అబద్ధం ఆడుమంటున్నరా?"

"అబద్ధం కాదమ్మా, జ్ఞానం. పాముల లెక్క వివేకంగ ఉండుమని వాక్యంల లేదా?"

ఆయన నాకు చిన్నప్పుడు సండే స్కూల్లో ఆజ్ఞలు నేర్పిన మనిషి. అబద్ధమాడొద్దని నా చేత కంఠస్థం చేయించి, తప్పితే మళ్లీ చెప్పించిన మనిషి. నాకు వాంతులు, చీము, మలం పని. వాటి దగ్గర నాకు ఎప్పుడూ అసహ్యం రాలేదు. వాటిలో మోసం ఉండదు. ఒంట్లో ఉన్నదే బయటికి వస్తుంది. వాక్యాన్ని గుడ్డలా వాడి మురికి తుడిచే ఆ నోటిని చూస్తే మాత్రం నాకు వెనక్కి జరగాలనిపించింది. జరిగాను కూడా. మా ఆయన చాయ్ తెమ్మంటే, పాలు లేవన్నాను. పాలున్నాయి. నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

నిజామాబాద్ పాస్‌పోర్టు ఆఫీసులో కౌంటరు వెనక నడివయసు అధికారి. పేజీలు తిప్పి, వేళ్లు చూసుకుని, చేతిరుమాలు తీశాడు.

"గిదేందమ్మా?"

"నూనె సార్. ప్రార్థనల పోసిండ్రు."

"పసుపు?"

"గాలికి పడ్డది సార్. మాది ఆర్మూర్."

ఆర్మూర్ అనగానే తలాడించాడు. "మొన్న ఒకాయన కుంకుమ బొట్టు వెట్టి, హారతి ఇయ్యబోయి అట్ట కాల్చుకొచ్చిండు. అంతకుముందు ఒకాయన పేజీకి తాయత్తు కుట్టిచ్చుకొచ్చిండు, సూది దారంతోని. మీ అందరి దేవుండ్లకు నా కౌంటరే దొరికిందా అమ్మా?"

పక్క కౌంటరామె నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, చాలా రోజులకు. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. నూనె అని రాసుకుని, తర్వాత ఏం చేయాలో చెప్పి, తర్వాతివాళ్లను పిలిచాడు. నిజం చెప్తే ఇంత సులువుగా అయిపోయే పనికి, నన్ను అబద్ధంలో ముంచడానికి ఇంటిదాకా నడిచి వచ్చాడు ఆ పెద్దమనిషి.

కొత్త పాస్‌పోర్టు కోసం కాచుకున్న రోజుల్లో చర్చిలో ఇంకో కథ పుట్టింది. పాస్‌పోర్టు పచ్చగా అయిందన్న మాట బయటికి పొక్కింది. పచ్చగా ఎందుకయింది? నేనే పసుపు పెట్టించానట. పక్కింటావిడ చేత పూజ చేయించానట. బయట విశ్వాసం, లోపల విగ్రహమట. అందుకే దేవుడు దారి మూశాడట. ఆడవాళ్ల వరుసలో నా పక్కన ఖాళీ ఏర్పడింది. కౌగిలించుకున్న ఆవిడ మళ్లీ పళ్లెం జరిపింది. ఈసారి దవాఖానా పేరు చెప్పలేదు.

సంగతి తేలేదాకా సండే స్కూలు వేరేవాళ్లు చూస్తారని పెద్ద చెప్పాడు. నూనె పోసినవాణ్ణి ఒక్కరూ ఏమీ అనలేదు. దుమ్ముకు మాత్రం పాపం అంటగట్టారు. పక్కింటావిడతో నేను ఈ మాట చెప్పలేకపోయాను. ఆమె రోజూ గోడ మీంచి "వచ్చిందా వదినె?" అని అడుగుతూనే ఉంది.

పాస్‌పోర్టు వచ్చింది. అదే రోజు సంతోషంగా ఏజెంటుకు ఫోన్ చేశాను. "మేడం, ఆళ్లు వేరేటామెను తీస్కున్నరు. కొడుకు ఆగలేకపోయిండు. ఏమనుకోకుండ్రి" అన్నాడు.

ఆ చెయ్యి, దుప్పటిలోంచి తీసి ఊపిన చెయ్యి, ఇప్పుడు ఎవరికో ఊపుతోంది. ఆ ముసలావిడకు నేను కోపం తెప్పించే పని చేయలేదు, నాకు ఆవిడ చేయలేదు. మధ్యలో కొబ్బరినూనె. ఆ పూట డ్యూటీకి పోయి ఒక పెద్దాయన వీపు పుండు కడిగాను. ఆయన "మెల్లగ బిడ్డా" అంటుంటే నాకు ఏడుపొచ్చింది. కన్నీళ్లు ఆయన మీద పడకుండా మోచేత్తో తుడుచుకున్నాను. చాలా రోజులు తలకు నూనె పెట్టుకోలేకపోయాను. సీసా మూత తీస్తే ఆ ఉమ్మి చప్పుడు వినబడేది.

ఇంత జరిగాక ఇక అసహ్యించుకోవడానికి ఏమీ మిగల్లేదనుకున్నాను. ఒక శుక్రవారం సంఘపెద్ద ముఖమంతా వెలిగిపోతూ వచ్చాడు. ఫోన్ నా ముందు పెట్టాడు.

"చూడు, చూడమ్మా! నీ సంగతే!"

ప్రవక్త వేరే ఏదో ఊళ్లో, అదే తెల్ల కోటులో నిలబడి ఉన్నాడు. "ఆర్మూరులో ఒక సహోదరి! ఆమె పాస్‌పోర్టును ఈ చేతులతో అభిషేకించాను! మర్నాడు చూస్తే ఏమైంది? ప్రతి పేజీ బంగారు వర్ణం! హల్లెలూయ! బంగారు ధూళి!" జనం కేకలు వేస్తున్నారు. ఆయన ఇంకా చెప్పాడు. ఆ సహోదరిని యుద్ధంలోకి పోనివ్వకుండా ఆ తైలమే ఆపిందట.

"ఈ ఆదివారం సాక్ష్యం చెప్పాలమ్మా నువ్వు. పాతది నీ దగ్గర్నే ఉన్నది గద, రద్దు జేసి మూల కత్తిరించి మనకే తిరిగి ఇస్తరు. గది తీస్కరా. అందరికి జూపిద్దాం."

"మొన్నటిదాక గది పసుపు అన్నరు గద అయ్యా. పాపం అన్నరు."

"అప్పుడు మనకు ప్రత్యక్షత లేకుండె" అన్నాడు, రెప్ప వేయకుండా.

మా ఆయన లోపలి నుంచి అన్నాడు: "పాలు ఉన్నయా లేవా, చాయ్ వెట్టాల్నా?"

"లేవు" అన్నాను.

ఆదివారం వెళ్లాను. పాత పాస్‌పోర్టు తీసుకుపోలేదు. సాక్ష్యాల సమయంలో పెద్ద నా పేరు పిలిచి, మైకు తానే తెచ్చి చేతిలో పెట్టాడు. రాత్రంతా ప్రార్థించాను, నాకు కోపంతో మాట్లాడనివ్వవద్దని. ఆ ప్రార్థన సగమే నెరవేరింది.

"అందరికీ వందనాలు" అన్నాను. "నా పాస్‌పోర్టు బంగారం కాలే. పోసింది కొబ్బరినూనె. నేను రోజు తలకు వెట్టుకుంట, నాకు వాసన ఎరుకే. మీద పడ్డది మా పక్కింటోళ్ల పసుపు దుమ్ము. పూజ ఎవ్వరు జెయ్యలే. పేజీలు ఖరాబైనయ్, నేను పోవాల్సిన ఇంటికి వేరేటామె పోయింది. నన్ను ఆపింది దేవుడని ఆయన మీద వెయ్యకుండ్రి."

"ఆమెన్!" అన్నారు వెనక వరుసలోంచి ఎవరో, అలవాటు కొద్దీ. చుట్టుపక్కలవాళ్లు ఆమెను మోచేత్తో పొడిచారు.

ఇంకా చెప్పేది ఉంది. దేవుని పేరు వ్యర్థంగా ఎత్తడమంటే ఇదేనని మీరే నాకు నేర్పారని పెద్ద వైపు తిరిగి అనబోయాను. మైకులోంచి నా గొంతు రాలేదు. ఆయన తీగ పీకేశాడు.

"సిస్టర్ మనసు బాగలేదు. ప్రార్థన చేద్దాం" అన్నాడు.

పాస్టరు గారు తల వంచుకుని ఉన్నాడు. ప్రార్థనకో, సిగ్గుకో నాకు తెలియదు. బయట చెప్పులు వేసుకుంటుంటే ఒకావిడ నాకు వినబడేలాగే అంది: "పోతపోత సంగం పరువు దీసిపోతున్నది."

"ఇంక పోలే గదక్కా" అన్నాను.

ఆ మాట నిజం. చర్చిలో ఎంత నిజం చెప్పినా నా ప్రయాణం కదల్లేదు. ఏజెంటు ఇంకో కుటుంబాన్ని వెతికేసరికి ఎండాకాలం గడిచిపోయింది. వానలు పడ్డాక ఫోన్ వచ్చింది. తుంటి విరిగిన ముసలాయన, ఆయన కూతురు. నన్ను ఏజెంటు ఆఫీసులో కెమెరా ముందు కూర్చోబెట్టారు. కూతురు నా కాగితాలు చూస్తూ, పాస్‌పోర్టు ఇంత కొత్తగా ఉందేం, పాతదేమైందని అడిగింది.

"వాన అని చెప్పుండ్రి మేడం" అని ఏజెంటు పక్క నుంచి గొణిగాడు. బయట వాన పడుతోంది కూడా. ఈసారి ఆ అబద్ధానికి రుతువు కూడా కలిసొచ్చింది.

ప్రార్థనలో ఆయిల్ పోశారు, పాడైంది అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఏజెంటు నుదురు కొట్టుకున్నాడు. కూతురు తన తండ్రికి వాళ్ల భాషలో చెప్పింది. ఆయన దిండు మీంచి తల లేపి ఏదో అడిగాడు. ఏ నూనె అని అడుగుతున్నాడంది. కొబ్బరినూనె అన్నాను. ఆ దేశపు నూనె అని చెప్పి పోశారని కూడా చెప్పాను. ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. కూతురు ఆయన వీపు నిమురుతూ, నన్ను పడుకున్న మనిషిని ఎట్లా తిప్పుతావో చేతులతో చూపించమంది. చూపించాను. వాళ్లు తీసుకున్నారు.

కొత్త పాస్‌పోర్టును నేను ఏ బల్ల మీదా పెట్టలేదు. ముద్ర పడి వచ్చింది. ఇంట్లో మా ఆయన, నేను మోకరించి ప్రార్థించాం. ఆయన నడుము పట్టేసి లేవలేకపోతే లేపాను. పక్కింటావిడ సర్వపిండి చేసి మూట కట్టింది.

బయల్దేరే పొద్దున ఆర్మూర్ బస్టాండుకు సంఘం నుంచి ఎవరూ రారనుకున్నాను. సంఘపెద్ద వచ్చాడు. స్కూటర్ ఆపి, చుట్టూ చూసి, దగ్గరికొచ్చాడు. క్షమాపణ అడుగుతాడేమోనని ఒక్క క్షణం నా మనసు మెత్తబడింది. ఆయన జేబులోంచి చిన్న ఖాళీ సీసా తీశాడు, మూత బిగించి ఉంది.

"వీలైతే అక్కడి ఒలీవ నూనె పంపమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "అసలుది."

అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

మా ఆయన నా పెట్టె పైకెక్కిస్తూ వినలేదు. నేను ఆ సీసాను బస్టాండు సిమెంటు బల్ల మీద పెట్టి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, హైదరాబాద్ బస్సు ఎక్కాను.